ఒక్కో వేలికి ఒక్కటి

చేవెళ్లలో పెర్ల్ అనే కంప్యూటర్ భాషలో స్క్రిప్టు రాయాలంటే నా తరువాతే ఎవరైనా. ఆ తరువాత ఉన్నది ఒక్కతే, రైతుల కాగితాలు స్కాన్ చేసే మా కేంద్రంలో నా పక్క కుర్చీలో కూర్చునే అమ్మాయి. ప్రోగ్రాముకు ఏది అందించినా వేళ్లు మడిచి లెక్కపెట్టేది: కమాండుకొక వేలు, పేరుకొక వేలు.

ఒకరోజు ‘మొయినాబాద్ పాతవి’ అనే ఫోల్డరు తుడిచేద్దామని, కమాండునూ పేరునూ ఒకే వాక్యంగా రాసి ఎంటర్ మీద వేలు పెట్టాను. ఆమె గబుక్కున నా చెయ్యి పట్టుకుంది.

“జర ఆగు బాపు! పేరు నడుమ ఖాళీ ఉన్నది. కమాండ్లు నడిపే షెల్ దాన్ని రెండు పేర్లనుకుంటది. పాతవి ఉంటయి, పక్కనున్న అసలు మొయినాబాద్ ఫోల్డరు పోతది. రైతుల కాగితాలన్ని అండ్లనే ఉన్నయి!”

కమాండును, పేరును విడివిడిగా కొటేషన్లలో పెట్టి నడుమ కామా వేసింది. పాతవి మాత్రమే పోయాయి.

“తప్పు ఎవరు పట్టుకున్నారని మన సార్ అడిగితే?” అన్నాను.

“నువ్వే పట్టుకున్నవని చెప్పు. పెద్దోనివి.”

ఇప్పుడు ఒప్పుకుంటున్నాను: ఎవరూ అడగకముందే, పట్టుకున్నది నేనేనని అందరికీ చెప్పేశాను.