ఎండలో ఆరిన తాడు

ఆ రోజు తెల్లారినప్పటి నుంచి ముసురు పట్టింది. పదును బాగుందని శనక్కాయ చేనులో కలుపుకు నలుగురు కూలీలను పిలిచి, నేనూ ఒక సాలు పట్టుకున్నాను. సగం సాలు కూడా కాకముందే అక్క ఫోన్ చేసింది.

"మీ బావ పోయినాడు రా."

కాఫీ తాగి, మంచం మీద ఒరిగి, మళ్ళీ లేవలేదట. అక్కే మళ్ళీ అంది: "అన్ని చెట్లెక్కి దిగినాడు. మంచం దిగలేకపోయినాడు సూడు." కూలీలకు చెప్పి, బురద కాళ్ళతోనే బయలుదేరాను.

మా బావ వాళ్ళది కల్లు గీసే ఇల్లు. ఈత చెట్ల మీదే పెరిగాడు. ఆయన తండ్రి మోకు తెగి పడి, నడుము చచ్చి, చాలా ఏళ్ళు అరుగు మీదే కూర్చున్నాడు. మోకు అంటే చెట్టునూ నడుమునూ కలిపి చుట్టుకునే తాడు. ఎక్కేవాడు వెనక్కి వాలి బరువంతా దాని మీద వేస్తాడు. కాళ్ళు మొద్దుకు తన్నిపెట్టి, తాడును ఎగరేసుకుంటూ పైకి జరుగుతాడు. అది తెగితే వెల్లకిలా పడడమే, చేతికి దొరికేది ఏమీ ఉండదు. బావకు చెట్టంటే భయం లేదు. తాడంటే మాత్రం ఉండేది. రాత్రిపూట అడవి పందుల కాపలాకు మంచె ఎక్కినా, నడుముకొక తాడు కట్టుకునేగాని కన్ను మూసేవాడు కాదు. మా ఊళ్ళో దాన్ని పిరికితనం అనేవాళ్ళు.

కువైట్‌కు ఆయన ముందు పోయాడు. రెండేళ్ళ తర్వాత నన్ను పిలిపించుకున్నాడు. సౌదీ సరిహద్దు దగ్గర, వఫ్రాలో ఖర్జూరం తోట. మాకు వీసా ఇచ్చిన అరబ్బు యజమాని, మా కఫీల్‌కు ఊరు చివర ఆ తోట, కొన్ని గొర్రెలు, టమోటాకు వేసిన రెండు ప్లాస్టిక్ షెడ్లు ఉండేవి. బావ చెట్లు చూసేవాడు. నేను షెడ్లు, మోటారు. గొర్రెలను రాయచోటి సాయిబు ఒకాయన చూసేవాడు. వంట కూడా ఆయనదే. అరబ్బీ ముగ్గురిలో ఆయనకే సరిగ్గా వచ్చు. ఈత చెట్టుకు ఖర్జూరం అన్న వరుస అవుతుందని బావ అనేవాడు. "అన్న గాబట్టి జాస్తి ఎత్తు, జాస్తి ముండ్లు."

చెట్టెక్కే ముందు ఆయనకొక తంతు ఉండేది. తాడు చుట్టుకుని, మనిషెత్తు కూడా పోకుండా, కాళ్ళు మొద్దుకు తన్ని వెనక్కి వాలి, ఒళ్ళంతా బిగబట్టి ఊగేవాడు. కుడికి ఊగి, ఎడమకు ఊగి, ఎగిరెగిరి చూసేవాడు. అది అయ్యాకే పైకి. కొడవలి ఎప్పుడూ చేత్తో తీసుకుపోడు. పైకి చేరాక సన్నతాడు వదిలితే నేను కింద కట్టాలి. ఏ చెట్టెక్కుతున్నాడో ఎవరికో ఒకరికి చెప్పాలి. మేమెవరమూ దగ్గర లేకపోతే గొర్రెలకు చెప్పేవాడు. "రెండో సాలులో మూలచెట్టు ఎక్కుతుండా" అని గట్టిగా అరిచేవాడు. అవి తలెత్తి చూసి మళ్ళీ మేసేవి.

సాయిబు నవ్వేవాడు. "అన్నా, నువ్వు పడితే అవి వచ్చి నాకు చెప్తాయా?"

"నీకంటే నయం. పిలిస్తే తల తిప్పుతాయి."

నేను కూడా ఎగతాళి చేసినవాడినే. "ఏం బావా, చెట్టుతో కుస్తీ అయిందా?" అంటే, "అయింది లే బామ్మర్దీ, ఈ పొద్దు గూడా చెట్టే గెలిచింది" అనేవాడు. దిగేటప్పుడు కింది నుంచి ఎవరు తొందరపెట్టినా ఒకటే మాట: "దిగినాకనే దిగినట్టు." చెట్టు మీద నుంచి పడినవాళ్ళలో ఎక్కువమంది పని అయిపోయి దిగేటప్పుడు పడినవాళ్ళేనని ఆయన లెక్క.

ఆయనకంటే ముందున్నవాడు వదిలిపోయిన నడుంపట్టీకి తాడు పాతదైతే, బావ దాన్ని తీసేసి, స్టోరులో ఉన్న నీలం నైలాన్ తాడు పేని కట్టాడు. పని కాగానే దాన్ని కడిగి, మోటారు గది బయట గోడకు, ఎండ నేరుగా పడే చోట మేకుకు తగిలించేవాడు. మా ఊళ్ళో నారమోకును అట్లాగే ఆరబెడతారు. తడిగా నీడలో ఉంచితే కుళ్ళుతుంది. వాళ్ళ నాయన తాడు తెగింది కూడా అందుకేనట. అందుకని బావ ఒక్కరోజు కూడా ఎండబెట్టడం మానలేదు. రెండు ఎండాకాలాలకు నీలం పోయి తాడు తెల్లబడింది. "బాగా ఆరింది సూడు, పుల్ల మాదిరి అయింది" అని సంతోషపడ్డాడు.

ఇరాక్ సైన్యం వచ్చినప్పుడు గెలలు ఇంకా పచ్చగా ఉన్నాయి. మాకు రేడియోలో తెలిసింది. కఫీల్ ఇంటివాళ్ళను కార్లో ఎక్కించుకుని సరిహద్దు దాటే ముందు తోటకు వచ్చి, మా పాస్‌పోర్టులు మా చేతుల్లో పెట్టాడు. అట్లా ఇవ్వని కఫీళ్ళు చాలామంది. "గొర్రెలు మీవే, తినండి" అన్నాడు. అంతే, పోయాడు. తర్వాత రోడ్డు మీద సిపాయిల బండ్లు తిరగడం మొదలైంది. మేము లోపలే ఉన్నాం. చెట్లెక్కే పని లేదు. తాడు మాత్రం గోడకు ఎండలోనే వేలాడుతూ ఉండింది.

డీజిల్ అడుగంటింది. డీజిల్ లేకపోతే మోటారు లేదు, మోటారు లేకపోతే నీళ్ళు లేవు. కువైట్ సముద్రం ఒడ్డున అబూ హలీఫాలో ఉన్న మనవాళ్ళంతా ఇరాక్‌లోని బస్రా మీదుగా పోతున్నారని, అక్కడి నుంచి జోర్డాన్ చేరితే విమానాలున్నాయని సాయిబు విని వచ్చాడు. ఆయనే ఒక మిస్రీ, అంటే ఈజిప్టు, లారీవాడిని మాట్లాడాడు. లారీవాడు దినార్లు వద్దన్నాడు. అప్పటికి వాటికి విలువ లేదు. దారిలో రొట్టె దొరకడం లేదు గనక ఖర్జూరం కావాలన్నాడు. లారీ వచ్చేసరికి గెలలు కోసి ఉంచితే ముగ్గురినీ ఎక్కించుకుంటాడు. అప్పటికి గెలలు పండాయి.

చెప్పిన వేళకంటే ముందే లారీ వచ్చి నిలబడింది. బావ అప్పుడే తాడు చుట్టుకుంటున్నాడు. లారీవాడు హారన్ మీద చెయ్యి తీయడం లేదు.

"యల్లా అన్నా, తొందరగా ఎక్కు, ఈ పొద్దన్నా ఆ కుస్తీ మాను," అన్నాడు సాయిబు.

"ఎక్కు బావా, వాడు పోయేటట్టుండాడు," అన్నాను నేను.

బావ వినలేదు. నడుమెత్తున కాళ్ళు తన్ని వెనక్కి వాలి ఊగాడు. కుడికి ఊగాడు. ఎడమకు ఊగేసరికి, ఎండుకట్టె విరిగినట్టు టప్పుమంది. వెల్లకిలా ఇసుకలో పడ్డాడు.

మేము ముందు నవ్వాం. ఆయన లేచి తాడు కొస చేతిలోకి తీసుకుని వేళ్ళ మధ్య నలిపాడు. అది పొడిపొడిగా రాలింది. అప్పుడు నవ్వు ఆగింది. తల పైకెత్తి గెలల వైపు చూశాను. పాత ఖర్జూరం చెట్టు, ముగ్గురు మనుషుల ఎత్తుకు పైనే.

సాయిబు నెమ్మదిగా అన్నాడు: "తాడు లేకుండా ఎక్కు అన్నా. మట్టలు కోసిన మొదళ్ళు మెట్ల మాదిరి ఉండాయి గదా. ఒక్క చెట్టు. లారీ పోతే మళ్ళా రాదు."

"పోనీ," అన్నాడు బావ.

"నేనెక్కుతా," అని నేను ముందుకు వచ్చాను. బావ నా చొక్కా వెనక నుంచి పట్టుకున్నాడు.

"మీ అక్కకు ఏం జెప్పాల? లారీ అందినాది, నీ తమ్ముడు అందలా అని జెప్పాల్నా?"

"ఇక్కడ నీళ్ళు లేక చస్తే ఏం చెప్తావు?" అని సాయిబు అరిచాడు.

"నీళ్ళు అయిపోయేదానికి ఇంకా కొంచెం పొద్దుండాది. పడేదానికి పొద్దే అక్కర్లా."

లారీవాడు కిటికీలోంచి చేతులు దులిపి "ఖలాస్" అన్నాడు. లారీ పోయింది. దుమ్ము అణిగే దాకా ముగ్గురం అటే చూశాం. నాకు బావ మీద చెప్పలేనంత కోపం వచ్చింది. సాయిబుకు నాకంటే ఎక్కువ. ఆయన గొర్రెల దొడ్డిలోకి పోయి కూర్చున్నాడు.

బావ మేకు దగ్గరకు పోయి, ఎండ పడే గోడను చాలాసేపు చూశాడు. "నేనే ఎండబెట్టి సంపినా దీన్ని," అన్నాడు. "మన తాడుకు తడి నీడ సావు. దీనికి ఎండ సావు. నాకు తెలీకపాయ." మట్టల మొదళ్ళలో ఉండే పీచు లాగి, తొట్టిలో నానబెట్టి, నీడలో కూర్చుని పేనడం మొదలుపెట్టాడు. తొట్టిలో పోసిన నీళ్ళు మేము తాగే నీళ్ళే. నేను ఒక కొస పట్టుకున్నాను. మూడు పాయలు కలిపేటప్పుడు ఇంకో మనిషి కావలసి వచ్చింది.

"సాయిబూ, వచ్చి పట్టు."

సాయిబు దొడ్డిలోంచి కదల్లేదు.

"కోపంగానే పట్టు. తాడుకేం తెలుస్తాది?"

సాయిబు వచ్చి పట్టాడు. కాసేపటికి ఆయనే, "ఇంకా బిగించు, లూజుగా ఉండాది" అన్నాడు.

తాడు అయ్యాక బావ దాని మీద ఊగాడు. నన్ను ఊగమన్నాడు. సాయిబునూ ఊగమన్నాడు. ఆయన మా ముగ్గురిలోకి లావు. ఆయన కిందా మీదా పడి ఊగుతుంటే బావ కళ్ళల్లో నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. ఆ నెలలో ఆయన నవ్వింది అప్పుడే. తర్వాత, ఇంకో లారీకి గెలలు సిద్ధం చేద్దామని, కొడవలి కింద పెట్టి ఎక్కాడు. గెలలు ఒక్కొక్కటే తాడుకు కట్టి దింపాడు.

మూడో చెట్టు మీద ఉండగా రోడ్డు మీది సిపాయి ఒకడు తోటలోకి వచ్చి, తుపాకి పైకెత్తి దిగమని అరిచాడు. బావ దిగాడు. రోజూ ఎట్లా దిగుతాడో అట్లాగే, ఒక్కొక్క జానెడు తాడు సర్దుకుంటూ దిగాడు. సిపాయి మళ్ళీ అరిచాడు. సాయిబు చేతులు జోడించి ఏదేదో చెబుతూ ఉన్నాడు. బావ కాళ్ళు నేలకు తగిలేసరికి నా అంగీ తడిసిపోయింది. సిపాయి ఖర్జూరాలు తిన్నాడు. తాడును చేత్తో పట్టి చూసి, వాళ్ళ నాయన కూడా బస్రా పక్క చెట్లెక్కేవాడని చెప్పి, ఒక గెల భుజాన వేసుకుని పోయాడు.

"దడుసుకోలేదా అన్నా?" అని సాయిబు అడిగితే, "దడుసుకున్నా. దడుసుకున్నోడు నింపాదిగా దిగల్ల" అన్నాడు.

ఊరికి వచ్చాక బావ మళ్ళీ కువైట్ పోలేదు. ఈ కథ అందరికీ చెప్పేవాడు, తన తప్పు దగ్గర మొదలుపెట్టి చెప్పేవాడు. నేను చెబితే లారీని వదులుకోవడం దగ్గర మొదలయ్యేది. అది ఆయనకు నచ్చేది కాదు. "తాడు తెగింది నా వల్ల అని ముందు జెప్పు," అనేవాడు. బాయి తాడు, ఎద్దుల పలుపు, ఏది కొన్నా దేనికి నీడ కావాలో, దేనికి ఎండ కావాలో అడిగి కొనేవాడు. నా కూతురి ఉయ్యాల వేడుకలో, బిడ్డను వేయకముందే ఉయ్యాల తాడు పట్టుకుని దూలానికి వేలాడాడు. ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. అక్క మాత్రం, "ఊగనీండి, ఆయప్ప ఊగితేనే నాకు ధైర్యం" అంది.

ముసురులో పాడె కడుతున్నప్పుడు ఆయన కొడుకు ప్రతి ముడినీ రెండుసార్లు లాగి చూశాడు. వాన జోరైంది. ఎవరూ తొందరపెట్టలేదు.

వఫ్రా సంగతి ఒకటి మిగిలింది. గెలలు కోసి పెట్టాక మాకు ఇంకో లారీ దొరికింది. ఎక్కించడం అయిపోయాక బావ కనిపించలేదు. చూస్తే మోటారు గదిలో ఉన్నాడు. అప్పటికే ఎండలో బాగా ఆరిన పీచుతాడును చుట్టచుట్టి, లోపలి గోడకు, నీడలో, గాలి తగిలే చోట మేకు కొట్టి తగిలిస్తున్నాడు.

"ఎవరికి బావా?" అన్నాను.

"ఎవురో ఒకరు ఎక్కుతారు గదా."

అది శుక్రవారం. సాయంత్రం అసర్ నమాజు అయినాక లారీ కదిలింది. ముందు సాయిబు ఎక్కాడు, తర్వాత నేను. బావ చివర ఎక్కాడు.