బైండరుగారి పుస్తకానికి ముందుమాట

గవర్నర్‌పేటలో నలభై ఏళ్ళు ఊరందరి పుస్తకాలూ కుట్టిన మా బైండరుగారు కిందటి నెల పోయారు. పొద్దున్నే ఆయన కూతురు ఫోన్ చేసింది. "మా అబ్బా పోయారండి మాష్టారూ. మధ్యాహ్నం నమాజు అయ్యాక తీసుకెళ్తారు" అంది. ఫోన్ పెట్టగానే నా చెయ్యి బీరువా సొరుగు మీదికి వెళ్ళింది. ఆయన కవితల కట్ట ఆరేళ్ళుగా అందులోనే ఉంది.

నేను కాలేజీలో తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి, నాలుగు కవితా సంపుటాలు వేసుకున్నవాణ్ణి. ఆయన ఐదో తరగతి దాటలేదు. మెట్ల కింద గదిలో కూర్చుని, పదహారేసి పేజీలుగా అచ్చయి వచ్చిన ఫారాలు మడిచి, కుట్టి, మైదా జిగురు రాసి అట్ట వేసేవారు. పురుగు పట్టకుండా జిగురులో మైలుతుత్తం కలిపేవారు కనక ఆయన గోళ్ళు ఎప్పుడూ నీలంగా ఉండేవి. తప్పు అచ్చయిన కాగితాల వెనక కవితలు రాసుకునేవారు. ఆయన కుట్టిన నా పుస్తకాల్లో ఇప్పటికీ ఒక్క పేజీ ఊడలేదు. అందుకు ఏనాడూ థాంక్స్ చెప్పిన పాపాన పోలేదు నేను.

చదువు ఆయనకి ఆ ఫారాల్లోంచే వచ్చింది. "విప్పిన ఫారంలో ఏడో పేజీ పక్కన పదో పేజీ ఉంటదండి. అట్టా అడ్డదిడ్డంగా చదివినా గుండెకి తగిలిందా, అదీ కవిత్వం" అనేవారు. నా నాలుగో పుస్తకం కుడుతున్నప్పుడు, ఇద్దరు కవిమిత్రుల ముందు, "ఎట్టా ఉంది భాయ్?" అని అడిగాను. పొగడ్త కోసమే అడిగాను. ఆయన దారం కొరికి, "మీది వరసగా చదివినా తగల్లేదండి" అన్నారు. మిత్రులు పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను. లోపల మాత్రం భగ్గుమంది.

ఆ తర్వాత కొన్నాళ్ళకి ఆయనే పటమటలో మా ఇంటికి వచ్చారు. కవితలన్నీ సాపు రాసిన కట్ట ఒకటి నా చేతిలో పెట్టి, "ముందుమాట మీరే రాయాలి మాష్టారూ. మొహం మీద నిజం చెప్పినా కోప్పడని మనిషి మీరొక్కరే" అన్నారు.

ముందుమాట లేని కవిత్వం పుస్తకాన్ని మన దగ్గర ఎవరూ ముట్టుకోరు. అది ఆయనకి నాకంటే బాగా తెలుసు. ముందుమాటలు ఎప్పుడూ ఆలస్యమే కాబట్టి ప్రెస్సులో అవి ఉండే మొదటి ఫారం ఆఖర్న వేస్తారు. ఆయనా అలాగే, మిగిలిపోయిన కాగితం మీద ఒక్కో ఫారమే అచ్చు వేయించుకుని, మడిచిపెట్టి, ఆ మొదటిదాని కోసం ఆగారు. కనిపించినప్పుడల్లా "ఏవన్నా కదిలిందాండీ?" అనేవారు. "చూస్తున్నా భాయ్, మంచి పుస్తకం, తొందరపడకూడదు" అనేవాణ్ణి.

చదవలేదనుకునేరు. తెచ్చిచ్చిన రోజే చదివాను.

"ఊరందరి మాటలకీ వెన్ను కుట్టాను,
నా మాటకి నా వంగిన వీపే అట్ట"

అన్నచోట ఆగిపోయాను. నా నాలుగు పుస్తకాల్లో అలాంటి వాక్యం ఒక్కటీ లేదు. అందుకే రాయలేదు. కాస్త ఏడిపిద్దామనుకున్నాను. ఆరేళ్ళు ఏడిపించాను.

ఆయన పోయిన రోజు కూర్చుని రెండు గంటల్లో రాసేశాను. మహాకవి అన్నాను, మట్టిలో మాణిక్యం అన్నాను. సాపు రాసుకుని తలెత్తేసరికి నమాజు అయిపోయింది, ఆయన్ని మోసుకుని జనాజా వెళ్ళిపోయింది.

మూడో రోజు ఆ కాగితాలు పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. కూతురు కుర్చీ వేసి, లోపల్నించి ఒక పుస్తకం తెచ్చింది. మంచాన పడే ముందు ఆయన కుట్టుకున్న ఒకే ఒక్క ప్రతి అది. మొదటి పదహారు పేజీలూ తెల్లగా ఉన్నాయి.

"మాష్టారి జాగా అని ఖాళీ ఉంచారండి. కోసేద్దాం అబ్బా అంటే నామీద కేకలేశారు" అంది.

నా కాగితాలు ఇచ్చాను. నిలబడే మొత్తం చదివింది.

"ఇంత బాగున్నాయని మీకెప్పుడు తెలిసిందండి?"

అబద్ధం నోటిదాకా వచ్చి ఆగిపోయింది. "మొదటి రోజేనమ్మా" అన్నాను.

ఆమె తండ్రి అట్టలు కోసే కత్తి తీసింది. ఆ తెల్ల పేజీల్ని కుట్టు పక్కనుంచి, ఒక్కటీ చిరగకుండా కోసింది. నేను రాసినవాటిని వాటి మధ్యలో పెట్టి, మడిచి, నా చేతికిచ్చింది.

"మీ జాగా మీరు తీసుకెళ్ళండి మాష్టారూ" అంది.

బల్ల మీద పుస్తకం తెరిచే ఉంది. అట్ట తిప్పగానే ఆయన మొదటి కవిత కనిపిస్తోంది.