పసుపు తుడిచిన మూడు తుపాకులు

చదివేవాళ్ళు ముందుగా నన్ను మన్నించాలి. నా రాత కోడి గీరినట్టు ఉంటుంది. ఒత్తులూ దీర్ఘాలూ ఎక్కడివక్కడ పడవు. మా ఊరి బడిలో ఐదో తరగతితో నా చదువు అయిపోయింది. అచ్చు వేసేవాళ్ళు దిద్దుకుంటారులే అని ధైర్యం చేసి రాస్తున్నాను.

మా ఆర్మరర్ పోయారు. తుపాకులు బాగుచేసే హెడ్ కానిస్టేబులును పోలీసు లైన్లలో ఆర్మరర్ అంటారు. ఆయన పోయిన పన్నెండో రోజున నాకు తెలిసింది. గుత్తి బస్టాండులో యాడికి అనే ఊరి బస్సు కోసం నిలబడి ఉంటే, మాతోపాటు పనిచేసి రిటైరైన వ్యాను డ్రైవరు కనబడ్డాడు. "నీకు తెల్దా? మీ భాయి పోయినాడు గదప్పా. మడకశిరలోనే మట్టి చేసినారు" అన్నాడు. బస్సు వచ్చింది. ఎక్కి కూర్చున్నాను.

ఆయన దగ్గర తొమ్మిదేళ్ళు పనిచేశాను. కవాతులో నేను దేనికీ పనికొచ్చేవాణ్ణి కాదు. పై వాళ్ళు ఏదైనా అడిగితే నాలుక మడత పడేది. అలాంటి నన్ను ఆయన అడిగి మరీ ఆయుధాల గదికి తీసుకున్నారు. ఎందుకని ఎప్పుడో ఒకసారి అడిగితే, "మాట్లాడేటోడు మాట్లాడుకుంటానే స్క్రూలు పారేస్తాడు" అన్నారు.

పొద్దున తలుపు తీయగానే లోపలికి పోకుండా గడపలో నిలబడి గాలి పీల్చేవారు. నూనె వాసన సరిగా ఉంటేనే అడుగు పెట్టేవారు. డ్యూటీ దిగినవాళ్ళు తుపాకి తిరిగి ఇచ్చేటప్పుడు బోల్టు లాగి వదులుతారు. ఆయన అటు తిరిగి కూర్చుని రొట్టె తింటూనే ఆ చప్పుడు విని, "దాంట్లో ఇసక ఉండాది, పక్కన పెట్టు" అనేవారు. ఇసుక ఉండేది. మధ్యాహ్నం ఆయనకు జొన్నరొట్టె, నాకు సంగటి. మధ్యలో శెనక్కాయల ఊరిబిండి పచ్చడి. తినేముందు సబ్బుతో మూడుసార్లు చేతులు కడిగేవారు. అయినా తుపాకి నూనె వాసన పోయేది కాదు. "మా ఇంట్లో ఆమెకు గూడా అలవాటైపాయ" అని నవ్వేవారు. అంతకు మించి మేము మాట్లాడుకునేది తక్కువ. రోజంతా ఇద్దరం ఒకే బల్ల దగ్గర ఉండి పది మాటలు కూడా అనుకోని రోజులు ఉన్నాయి. నాకు అంత సుఖంగా ఉన్న చోటు ఇంకొకటి లేదు.

ఏ తుపాకి మొరాయించినా ఆయన పద్ధతి ఒకటే. "ఒకటి మార్చు, ఒకటి చూడు. ఒకేసారి రెండు మారిస్తే ఏది నయం చేసిందో దేవునికి గూడా తెల్దు" అనేవారు.

దసరాకు లైన్లలో ఆయుధపూజ చేసేవాళ్ళం. ఆయన ముసల్మాను. అయినా పూజకు గుమ్మడికాయ ప్రతి ఏడూ ఆయనే సంతలో తట్టి చూసి తెచ్చేవారు. పూజ జరుగుతున్నంతసేపూ తాళాలగుత్తి పట్టుకుని గడప బయట నిలబడేవారు. అయ్యగారు తుపాకులకు పసుపు పెట్టబోతుంటే మాత్రం, "సామీ, కట్టె మీద ఎంత కావాల్నో అంత పెట్టు. ఇనుము లోపలికి మాత్రం పోనీయద్దు" అని చెప్పేవారు.

డెబ్బైల చివర్లో అనుకుంటాను, ఒక దసరాకు ముందు మా దగ్గరున్న నలభై తుపాకులకు కొత్త స్ప్రింగులు వచ్చాయి. పాత రకం తుపాకులు కావు, ఒకసారి పేలితే తమంతట తామే రెండో తూటా అందుకునేవి. ఆ తుపాకిని భుజానికి ఆనించే వెనక భాగాన్ని మడమ అంటాము, దాని లోపల ఒక గొట్టం, అందులో స్ప్రింగు ఉంటాయి. తూటా పేలగానే ఆ వేడి గాలి లోపలి ఇనుప ముక్కను వెనక్కి తోస్తుంది. ఖాళీ తొడుగు బయటకు ఎగిరిపడుతుంది. స్ప్రింగు ఆ ముక్కను మళ్ళీ ముందుకు తోస్తే కొత్త తూటా ఎక్కుతుంది. పాత స్ప్రింగులు వాడీ వాడీ సత్తువ తగ్గాయి. ఆయన అన్నీ నా ముందు పెట్టి, "నువ్వే ఎయ్యి" అన్నారు. ఆ పని ఎప్పుడూ ఆయనే చేసేవారు. నాకు చాలా గొప్పగా అనిపించింది.

మా ఇంట్లో కొత్త వస్తువును పసుపు పెట్టకుండా వాడరు. మా అమ్మ కొత్త చేటకూ కొత్త కొడవలికీ, చివరికి బావిలో వేసే బొక్కెనకు కూడా బొట్టు పెట్టేది. దసరా నాలుగు రోజుల్లోకి వచ్చింది. ఒక్కో స్ప్రింగుకూ వేలితో తడి పసుపు రాసి, కుంకుమ అద్ది, గొట్టంలో దూర్చాను. ఆయన మాట గుర్తులేక కాదు. అది అయ్యగారికి చెప్పిన మాట అనుకున్నాను. లోపల పెట్టింది ఎవరికి కనిపిస్తుందిలే అనుకున్నాను.

పండగ అయ్యాక ఓ పది రోజులకు మూడు తుపాకులు తీసుకుని పరీక్షకు పోయాము. తూటాలు లెక్కగా ఇచ్చేవాళ్ళు కాబట్టి మూడింటికే అనుమతి. మూడూ మొరాయించాయి. ఒకటో తూటా పేలుతుంది. ఖాళీ తొడుగు బయటపడక, ఎగిరిపడే సందులోనే అడ్డం నిలబడుతుంది. చేత్తో పీకి వేస్తే మళ్ళీ అదే వరస.

ఆయన ఏమీ కంగారు పడలేదు. తుపాకి కింద తగిలించే తూటాల పెట్టె మార్చారు, ఒక తూటా కాల్చారు. తూటాల సరుకు మార్చారు, ఒకటి కాల్చారు. తొడుగును పట్టి లాగే కొక్కెం మార్చారు, ఒకటి కాల్చారు. ఒక్కొక్కటీ చిన్న పుస్తకంలో రాసుకున్నారు. నాకు మాత్రం అప్పుడే అర్థమైపోయింది. మా వైపు దుమ్ము సంగతి తెలిసిందే. పసుపూ నూనే దుమ్మూ కలిసి లోపల బంక కట్టి ఉంటుంది. మడమ విప్పుతారేమోనని ఆయన చేతులవైపే చూస్తూ ఉన్నాను. ఆయన విప్పలేదు. "స్ప్రింగులు నువ్వు వేసినావు గదా, అది చూసే పని లేదు" అన్నారు.

మరునాడు శుక్రవారం. తుపాకి ముందు భాగంలో ఆ వేడి గాలిని ఎంత వదలాలో తిప్పి పెట్టే రింగు ఒకటి ఉంటుంది. నమాజు నుంచి వచ్చాక అది రెండు గీతలు తిప్పి చూస్తానని చెప్పి ఆయన మసీదుకు పోయారు. ఆ గంటలో నేను ఆ మూడు తుపాకుల మడమలు విప్పి, స్ప్రింగులు కిరసనాయిలుతో కడిగి, తుడిచి, మళ్ళీ బిగించాను. మిగతావి తర్వాత ఒక్కొక్కటే తుడుచుకోవచ్చు అనుకున్నాను. ఆయన వచ్చారు, రింగు తిప్పారు, కాల్చారు. మూడూ గుర్రాల్లా పనిచేశాయి.

"కొత్త స్ప్రింగు గట్టిది గదా, గాలి చాలకుండా ఉండె. అంతే" అని నవ్వారు. ఆ సాయంత్రమే నలభైకీ రింగులు తిప్పించి, తాళం వేసుకుని పోయి, మా అధికారితో అన్నీ సరిపోయాయని చెప్పారు. ఆయన గది వదలకపోవడంతో నాకు తుడిచే వ్యవధి దొరకలేదు. రెండు రోజులకే అందరి ముందూ ఫైరింగు పెట్టారు.

ఐదుగురికి ఐదు తుపాకులు ఇచ్చారు. ఆ ఐదింటిలో నేను తుడిచినవి లేవు. ఒక్కటి కూడా రెండో తూటా కాల్చలేదు. వరసలో ఉన్న ఒక కానిస్టేబులు, "దొంగోడొస్తే కొంచేపు ఉండప్పా, పీకి మళ్లీ వేసుకుంటా అనాల్నేమో" అన్నాడు. అందరూ నవ్వారు. అధికారి నవ్వలేదు. "అన్నీ సరిపోయినాయంటివే" అని ఒకే మాట అని జీపెక్కి పోయాడు. ఆర్మరర్ ఎండలో ఆ ఐదు తుపాకులూ తానే భుజాలకు తగిలించుకుని నడిచారు. నేను అందుకోబోతే ఇవ్వలేదు.

బల్ల దగ్గర కూర్చుని మడమ విప్పారు. స్ప్రింగుతోపాటు ముదురు పసుపు రంగు బంక వచ్చింది. ఎవరు పెట్టారని అడగలేదు. వేలికి అంటినదాన్ని చూస్తూ, "అన్నిట్లో ఉండాదా?" అన్నారు.

"ఉండాదన్నా."

"మరి ఆ మూడిట్లో?"

"తుడిసినా."

"ఎప్పుడు?"

"శుక్రారం. నువ్వు నమాజుకు పోయినప్పుడు."

ఆయన చిన్న పుస్తకం తీసి శుక్రవారం నాటి పేజీ చూశారు. తర్వాత నెమ్మదిగా, "పసుపు పెట్టినందుకు నాకేం లేదప్పా. భక్తితో పెట్టినావు. తుడిసినావు చూడు, అది చెప్పకపోతివి. నువ్వొకటి మార్చినావు, నేనొకటి మార్చినా. నేను ఒకటే మారిందనుకుంటి" అన్నారు.

ఆ పేజీ మీద అడ్డంగా ఒక గీత కొట్టారు. ఇద్దరం రెండు రోజులు కూర్చుని అన్నీ కడిగాము. రింగులు మళ్ళీ పాత గీతకు తిప్పాము. మళ్ళీ కాలిస్తే ఒక్కటి కూడా ఆగలేదు. కానీ ఎందుకు ఆగాయో రాసివ్వమని పైనుంచి కాగితం వచ్చింది.

ఆయన ఆ కాగితం ముందు పెట్టుకుని, "పూజ పసుపుతో తుపాకులు చెడినాయని సాయిబు రాసిచ్చినాడంటే రేపు ఈ లైన్లల్లో నేనెట్ల తిరిగేదప్పా?" అన్నారు. ఆయన రాస్తే అది ఒక తగాదా. నేను పోయి చెబితే అది నా తెలివితక్కువతనం, అంతే. నాలుగు తిట్లు తిట్టి, నాలుగు రోజులు నవ్వి వదిలేసేవాళ్ళు. ఆ సంగతి ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. పోయి చెప్పమని ఆయన అనలేదు. కలం పట్టుకుని కొంచెంసేపు ఆగారు. నేను నేల చూస్తూ నిలబడ్డాను. నూనె గడ్డకట్టడం వల్ల అని రాసి సంతకం చేశారు. నూనె చూసుకోవలసింది ఆర్మరరే.

నెల తిరక్కముందే ఆయన్ను ఆ పని నుంచి తప్పించి మడకశిరకు గార్డు డ్యూటీ వేశారు. ఆయన కూతురికి అది పదో తరగతి. సామాన్ల లారీ వచ్చిన రోజు ఆ పిల్ల ఆయన పనిముట్ల పెట్టె తీసుకుపోవడానికి ఆయుధాల గదికి వచ్చింది. నేనొక్కణ్ణే ఉన్నాను. పెట్టె అందుకోకుండా నిలబడి, "మామా, మా అబ్బ ఏం తప్పు చేసినాడు?" అని అడిగింది.

"నూనె సరిగా చూసుకోలేదంట పాపా" అన్నాను.

తల ఊపి పెట్టె ఎత్తుకుని పోయింది. బరువుకు ఒక పక్కకు ఒరిగి నడిచింది. ఆ ఏడాది పరీక్ష రాయలేదని తర్వాత విన్నాను.

ఆయన పని నాకు ఇచ్చారు. ఆయన స్టూలు మీద నేను కూర్చోలేదు. రిటైరయ్యేదాకా నా స్టూలు మీదే కూర్చున్నాను. కొత్తగా వచ్చినవాళ్ళు ఖాళీగా ఉంది కదా అని దాని మీద కూర్చోబోతే ఏదో ఒక సామాను పెట్టేవాణ్ణి. మధ్యాహ్నం సంగటి తినేటప్పుడు ఎవరితోనూ మాట్లాడేవాణ్ణి కాదు. అంతకు ముందూ మాట్లాడేవాణ్ణి కాదు, కానీ అది వేరు.

ఆయన్ను చూడడానికి ఒకే ఒకసారి మడకశిర పోయాను. అప్పటికి ఇద్దరం రిటైరయ్యాము. ఆయనకు చూపు తగ్గింది. నా గొంతు వినకముందే, గడపలో అడుగు పెట్టగానే, "రా అప్పా" అన్నారు. టీ తాగాము. గొర్రెల మంద ఒకటి వీధిలో పోతుంటే అది పోయేదాకా ఇద్దరం వింటూ కూర్చున్నాము. చివరికి నేనే ఆ మాట ఎత్తాను. ఇప్పుడైనా పోయి పెద్దలకు చెబుతానన్నాను.

"ఆ అధికారి యాడుండాడో, ఆ తుపాకులు యాడుండాయో. వద్దులే" అన్నారు. మళ్ళీ, "నా బిడ్డకు ఒక్కదానికి చెప్పు. నేను చెప్తే తండ్రి గదా, వెనకేసుకొస్తాండాడు అనుకుంటాది" అన్నారు.

సరే అన్నాను. ఆమె అప్పటికి కన్నడం వైపు అత్తగారింట్లో ఉంది. ఉత్తరం రాస్తానని మాట ఇచ్చి వచ్చాను. చాలాసార్లు మొదలుపెట్టాను. మొదటి వాక్యం దాటలేదు. రేపు రాద్దాం, పండగ పోయాక రాద్దాం అనుకుంటూ ఉండగానే ఆ డ్రైవరు బస్టాండులో కనబడ్డాడు. ఆ తర్వాత మడకశిర పోయి చూశాను. ఇంటికి తాళం. ఆయన భార్య ముందే పోయిందట. కూతురు వచ్చి మూడోనాటి కార్యం చేసి పోయిందన్నారు. ఏ ఊరికో పక్కింటివాళ్ళకు సరిగా తెలియదు. ఒకరు పావగడ అన్నారు, ఒకరు మధుగిరి అన్నారు.

అమ్మా, నువ్వే ఇది చదువుతుంటే, నూనెలో ఏ లోపమూ లేదు. మీ నాయన తన పనిలో ఒక్కనాడూ తప్పు చేయలేదు. పసుపు పెట్టింది నేను, దాచింది నేను, ఆయన సంతకం పెడుతుంటే పక్కనే ఊరకే నిలబడింది నేను. ఆ రోజు నీకు చెప్పింది అబద్ధం.

ఆమె కాక వేరేవాళ్ళు చదువుతుంటే, ఆమె ఏ ఊర్లో ఉందో తెలిసినవాళ్ళు ఈ పత్రికవాళ్ళకు ఒక్క ముక్క రాసి పంపండి. వాళ్ళు నాకు అందజేస్తారు. నేనే పోయి ఎదురుగా చెబుతాను. కొంచెం త్వరగా రాయండి. నాకూ చూపు తగ్గుతూ ఉంది, ఉత్తరం వస్తే చదివి పెట్టడానికి ఇంట్లో ఇంకెవరూ లేరు.