కునుకు తీసే తథాస్తు దేవతలు

కౌన్సెలింగ్ మేడం పోయారని మా చిన్న చెల్లెలు కాజీపేట నుంచి ఫోన్ చేసింది. నేను దేవుడి దగ్గర ఒత్తులు చేసుకుంటున్నాను. "నిద్రలనే పోయిందట అక్కా" అంది. ఇద్దరం ఏడ్చాం. కాసేపటికి తనే, "ఇగ ఆ తథాస్తు దేవతలు ఏడికి పోతరో" అంది. ఏడుస్తూనే నవ్వాం.

ఆ నవ్వు ఎందుకో చెప్పాలి.

చెల్లి మొదటిసారి కడుపుతో ఉన్నప్పుడు దానికొక భయం పట్టుకుంది. తన చేతులతో తానే బిడ్డకు ఏమైనా చేస్తుందేమోనని. కత్తిపీట తీసి సజ్జ మీద పెట్టించింది. "నేను బిడ్డకు ఏం చెయ్యను గద అక్కా?" అని అడిగేది. అమ్మ లేదు, పెద్దదాన్ని నేనే. "ఏంగాదు" అని విభూతి పెట్టేదాన్ని. కొంచెం నెమ్మదించి, అన్నం ఉడికేలోపు మళ్లీ అడిగేది.

హనుమకొండ దవాఖానలో అది ఓసీడీ అనే మనసు జబ్బని చెప్పి మేడం దగ్గరికి పంపారు. నాకంటే పెద్దావిడ, అయినా నన్ను పెద్దక్కా అనే పిలిచేవారు. చెల్లి చెప్పిందంతా విని నా వైపు తిరిగారు.

"పెద్దక్కా, మీరు 'ఏంగాదు' అనుడు బంద్ చెయ్యాలె."

"మరేమనాలె?"

"'ఏమో' అనండి."

"కడుపుతోని ఉన్న పిల్ల ముంగట గట్లంటరా మేడం? తథాస్తు దేవతలుంటరు."

చదువుకున్నావిడ, నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. "ఉంటరు. ఈ గదిలనే ఉంటరు. మొదట్ల ఒక్కొక్క మాటకు ఉలిక్కిపడెటోళ్లు. విని విని అలవాటైంది, ఇప్పుడు కునుకు తీస్తున్నరు. మీ చెల్లె మనసుకు గూడ గట్లనే అలవాటు చేద్దాం" అన్నారు.

ఆ వైద్యం అంతా ఆ మాటలోనే ఉంది. దేనికి భయమో దాని దగ్గరే కూర్చోవాలి. భయాన్ని పైకి అనాలి. ఎవరినీ ధైర్యం అడగకూడదు. అది దానంతటదే తగ్గేదాకా లేవకూడదు. మేడం సొరుగులో జుట్టూడిన ప్లాస్టిక్ బొమ్మ ఒకటి ఉండేది. చెల్లి దాన్ని కాళ్ల మీద వేసుకొని నీళ్లు పోసేది. పక్కనే కత్తిపీట మీద బీరకాయలు కోసేది. అయిపోయాక మేడం ఆ బొమ్మను తన కొంగుతో తుడిచి, "సర్ది చేస్తది పాపం" అని సొరుగులో పెట్టేవారు.

"దేవునికి మొక్కుకోవచ్చా మేడం?" అని ఒకసారి అడిగాను.

"మొక్కుకోండి. ఆయన విని ఊకుంటడు. మీ లెక్క 'ఏంగాదు' అని మీ చెల్లెకు చెప్పడు."

ఆడపిల్ల పుట్టింది. స్నానం నేనే పోసేదాన్ని. చెల్లి బాత్రూం గడప తొక్కేది కాదు. పాలిచ్చి బిడ్డను నా చేతిలో పెట్టి దూరం జరిగేది. తన బిడ్డకు తనే అలా దూరమవుతుంటే చూడలేకపోయాను. ఒక పొద్దున మేడం మా ఇంటికి వచ్చి, చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకొని, బకెట్ బోర్లించి కూర్చున్నారు. చెల్లిని పీట మీద కూర్చోబెట్టి బిడ్డను దాని కాళ్ల మీద పడుకోబెట్టించారు. నన్ను మాత్రం, "పెద్దక్కా, చాయ్ పెట్టండి. మెల్లగ మరగనియ్యండి" అని పంపేశారు.

వంటింట్లోకి అన్నీ వినిపిస్తున్నాయి.

"చెయ్యి జారితే మేడం?"

"ఏమో."

"నాకే ఏమన్న బుద్ధి పుడితే?"

"ఏమో. నీళ్లు సల్లారుతున్నయి, పొయ్యమ్మా."

నోటిదాకా వచ్చిన "ఏంగాదు"ను పెదవులు బిగబట్టి ఆపుకొని, దేవుడి పటం వైపు తిరిగి నిలబడ్డాను. చెంబు చప్పుడు. బిడ్డ ఏడుపు, దాని వెంట చెల్లి ఏడుపు. చాలాసేపటికి చెల్లి గొంతు: "ముక్కుల నీళ్లు పోకుంట గిట్ల చెయ్యి అడ్డం పెట్టాలె మేడం. మీకు తెల్వదు."

"తెల్వదమ్మా, చెప్పు" అన్నారు మేడం.

చాయ్ సగానికి మరిగిపోయింది. తడిసిన చీరతోనే కూర్చొని, బాగుందంటూ తాగారు.

భయం పూర్తిగా పోయిందని చెప్పను. ఇప్పటికీ వస్తుంది. వస్తే చెల్లి దాన్ని పక్కన కూర్చోనిచ్చి తన పని తాను చేసుకుంటుంది.

ఫోన్ వచ్చిన మర్నాడు కాజీపేట వెళ్లాను. ఇప్పుడు చంటివాడు ఉన్నాడు, రెండోవాడు. చెల్లి పీట మీద కాళ్లు చాపి వాడికి నీళ్లు పోస్తోంది. నేను సాంబ్రాణి వేస్తున్నాను.

"జారుతడేమో అక్కా" అంది, వాడి ముక్కుకు చెయ్యి అడ్డం పెడుతూ.

"ఏమో" అన్నాను.

చెంబు ముంచి మళ్లీ పోసింది. పొగ మెల్లగా పైకి లేచి వెంటిలేటర్ దాకా పోయింది. ఒక్కసారి అటు చూశాను. ఆ దేవతలిద్దరూ ఒకరి భుజం మీద ఒకరు తల వాల్చి, హాయిగా కునుకు తీస్తున్నట్టే ఉంది.