ముప్పై ఎనిమిది బిందెలు

మా ఆఫీసు నోటీసు బోర్డుకు తాళం ఉండేది. అద్దాల తలుపులు, వాటికో చిన్న తాళం, తాళంచెవి స్టోర్‌కీపర్ దగ్గర. ఆయన సెలవు పెడితే నోటీసు కూడా ఆయనతోపాటు సెలవులో ఉండేది. పైగా ఆ బోర్డు ఉన్నది వీధి వైపు కాదు, వరండా లోపల. ప్రజలకు చెప్పవలసిన సంగతులన్నీ అలా మాకు మేమే చెప్పుకునేవాళ్లం.

తొంభైల చివరి రోజులవి. మాదాపూర్‌లో గుట్టలు పగలగొట్టి అద్దాల భవనాలు కడుతున్నారు. మాది ఆ పక్క బస్తీలకు మంచినీళ్లిచ్చే చిన్న సర్కారు ఆఫీసు. అందులో నేను ప్రచార సహాయకురాలిని, ఏడాది కాంట్రాక్టు మీద. గోదావరి వైపు నుంచి తెలుగు ఎం.ఏ. పట్టా పట్టుకొని వచ్చినదాన్ని. నా భాష మీద నాకు మా చెడ్డ గర్వం. 'ఇందుమూలముగా యావన్మంది వినియోగదారులకు తెలియజేయునది ఏమనగా' అని మొదలుపెట్టానంటే, నీళ్లు రావన్న సంగతి ఎనిమిదో వరుసలో గానీ బయటపడేది కాదు. దాన్ని బోర్డులో అంటించి, ఫొటో తీసి, ఆ ఫొటో ఫైల్లో పెడితే ప్రచారం జరిగినట్టే లెక్క. ఆఫీసు పద్ధతి అది.

కొత్త భవనాలకు పైపు కలపడానికి మొదటిసారి ఒకరోజు నీళ్లు ఆపారు. మర్నాడు పొద్దున్నే బస్తీ ఆడవాళ్లంతా ఖాళీ బిందెలతో వచ్చి గేటు ముందు కూర్చున్నారు. మా సార్ ఫైలు తెచ్చి, ఇదిగో ముందే చెప్పామని ఫొటో చూపించారు. ఒకామె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"గీ ఫొటోల నీళ్లు పట్టుకోవాల్నా సారూ?"

ఆ రోజు సార్ భోజనం డబ్బా విప్పలేదు. సాయంత్రం నన్ను పిలిచారు. ఆయనదీ మా వైపే, కోపంలో కూడా 'అండీ' వదిలేవారు కాదు.

"వచ్చే వారం రెండు రోజులు ఆపాలండీ. ఈసారి ఒక్క మనిషి వచ్చి మాకు తెలియదన్నా, మీ పొడిగింపు కాగితం మీద నేను సంతకం పెట్టనండీ."

ఇంట్లో బీఎడ్ చెయ్యమంటే వినకుండా, హైదరాబాదులో ఉద్యోగమని ఊరంతా చెప్పుకొని వచ్చాను. ఇప్పుడు ఏ మొహం పెట్టుకొని వెనక్కి వెళ్లను? వెంటనే కొత్త నోటీసు రాయడానికి కూర్చున్నాను, ఈసారి ఇంకా గంభీరంగా.

టీ తెచ్చిన మా అటెండరు బల్ల దగ్గర ఆగింది. యాభై దాటిన మనిషి, ఆ బస్తీలోనే పుట్టింది, అక్కడే ఉంటోంది. నేను అక్కా అని పిలిచేదాన్ని. ఆమె ఆఫీసులో నన్ను మేడం అనేది, గేటు దాటితే బిడ్డా అనేది.

"ఏంది మేడం, మల్ల గదే రాస్తున్నవా? గది ఎవలు సదువుతరు?"

"మరేం చెయ్యమంటావక్కా?"

"బిందెలు బోర్లియ్యాలె."

విషయం ఇది. బస్తీలో పైన ఒకటి, కింద ఒకటి రెండు నల్లాలు, సాయంత్రం ఆరింటికి నీళ్లు వచ్చేవి. ఆడవాళ్లు పొద్దున పనికి పోతూనే బిందెలు వరుసలో పెట్టి పోయేవాళ్లు. ఎవరి బిందె ఎక్కడుంటే వాళ్ల వంతు అక్కడ. రేపు రావని నీళ్లు వదిలే లైన్‌మన్ ఎవరి చెవినైనా వేస్తే, వాళ్లు వరుస చివర బిందె బోర్లించేవాళ్లు. అది చూసినవాళ్లు ఆ సాయంత్రమే రెండింతలు పట్టుకునేవాళ్లు. మొదటిసారి ఆపినప్పుడు ఆయన ఎవరికీ చెప్పలేదు.

నోటీసు మామూలుగానే బోర్డులో అంటించి, నీళ్లు ఆపే ముందురోజు ఇద్దరం బయలుదేరాం. "మీది నల్లాకాడికి నేను పోత. కింది నల్లాకాడికి నువ్వు పో బిడ్డా. ఆఖర్ల రెండు బోర్లియ్యి, గంతే," అంది అక్క.

నాలుగు గంటల ఎండ. నల్లా దగ్గర ఒక్కరూ లేరు, అందరూ భవనాల పనిలో ఉన్నారు. ముప్పై ఎనిమిది బిందెలు వరుసగా ఉన్నాయి. చివరి రెండూ బోర్లించి చూశాను. కంటికి ఏమీ ఆనలేదు. ప్రచారమన్నాక కాస్త నిండుగా ఉండాలి కదా అని అన్నీ బోర్లించాను. ఆఫీసు కెమెరాలోంచి చూస్తే వరుస వంకరటింకరగా కనిపించింది. అందుకని పొట్టివి ముందు, పొడుగువి వెనక, పెళ్లి గ్రూపు ఫొటోలో నిలబెట్టినట్టు సర్ది, రెండు ఫొటోలు తీశాను. నా పనికి నేనే మురిసిపోయాను.

ఐదింటికి ఆడవాళ్లు వచ్చారు. ముందు వచ్చినామె బిందెలు లెక్కపెట్టి అక్కడే కూలబడింది.

"ముప్పై ఎనిమిది దినాలు నీళ్లు రావంట."

ఎన్ని బోర్లిస్తే అన్ని రోజులని అక్క నాకు చెప్పలేదు. ఆ బస్తీలో పుట్టినవాళ్లకు అది చెప్పవలసిన సంగతి కాదు మరి. ఇంకొకామె తన బిందె కోసం వెతుకుతోంది. "నాది నాలుగోది ఉండె." "నీది ఎప్పుడు నాలుగోదాయె?" అంతే, కొంగులు బిగిశాయి. ఒకాయన సైకిలెక్కి, నెల మీద ఎనిమిది రోజులు నీళ్లు బందని గల్లీ గల్లీ చెప్పుకుంటూ పోయాడు. పావుగంటలో బస్తీ బస్తీ అంతా నల్లా దగ్గరుంది. "దయచేసి శాంతించండి, ఇది అధికారిక సమాచారం," అని నేను అంటూనే ఉన్నాను, నా మొహం చూసిన నాథుడు లేడు.

పై నల్లా నుంచి అక్క పరుగున వచ్చింది. ముందు బిందెల్ని చూసింది, తర్వాత నన్ను.

"ఏం జేసినవ్ బిడ్డా."

నల్లా గద్దె ఎక్కి, రెండే దినాలని గొంతు పోయేలా అరిచింది. తర్వాత ఒక్కో బిందె లేపి, సొట్ట చూసి ఎవరిదో చెప్పి, దాని చోట దాన్ని పెట్టింది. రెండే రోజులని అందరూ తలూపారు గానీ ఎవరూ పూర్తిగా నమ్మలేదు. ఆ సాయంత్రం డ్రమ్ములు, కుక్కర్లు, పెళ్లిళ్లకు వండే గుండిగలు కూడా నింపుకున్నారు.

ఆ రెండు రోజులూ గేటు దగ్గరికి ఒక్క పిట్ట రాలేదు. సార్ మూడుసార్లు వెళ్లి చూసి వచ్చారు. "మీ నోటీసు ఈసారి బ్రహ్మాండంగా పనిచేసిందండీ," అన్నారు. పొడిగింపు కాగితం గుర్తొచ్చి నేను నోరు మెదపలేదు. ఆయన ఆ నోటీసును పెద్దాఫీసుకు పంపారు. మంచి ప్రచారానికని సర్టిఫికెట్ వచ్చింది. ప్రజలకు సూటిగా చేరే సరళమైన భాషట. దాన్ని బోర్డులో పెట్టి తాళం వేశారు.

అక్క చీపురు పక్కన పెట్టి అద్దంలోంచి చాలాసేపు చూసింది.

"బిందెలేవి గిండ్ల?"

దెప్పుతూ అడగలేదు, ఉత్తినే అడిగింది. నాకు మాత్రం సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. నా కాగితం ఇంకా సంతకం లేకుండా సార్ బల్ల మీదే ఉంది. అయినా స్టోర్‌కీపర్ దగ్గర తాళంచెవి తీసుకొని, సంచీలోంచి బిందెల ఫొటో తీసి సర్టిఫికెట్ పక్కన అంటించాను. సార్ వచ్చి ఇదేంటన్నారు. బిందెల లెక్కతో సహా జరిగిందంతా చెప్పాను.

"పనిచేసింది నా నోటీసు కాదు సార్, ఇది. ఆలోచన అక్కది, తప్పు నాది."

సార్ కళ్లజోడు పెట్టుకొని వేలితో ఒక్కో బిందే లెక్కపెట్టారు.

"రెండు రోజులకి ఇన్నెందుకండీ?"

టీ గ్లాసులతో వచ్చిన అక్క అందుకుంది.

"మేడం కొత్త గద సార్. ఇంకో ఏడాది ఉంటే నేర్సుకుంటది."

సార్ గ్లాసు తీసుకొని తన గదిలోకి వెళ్లి, నా కాగితం ముందుకు జరుపుకున్నారు.