మైకు రిక్షా మహారాజు

"నీ పాట ఒక్కటైనా ఎవరిచేతైనా రాయించవయ్యా," అన్నా.

"రాసేస్తే రేపు కొత్తది కట్టబుద్ధి కాదే," అన్నాడు.

మా ఆయనతో నా ఆఖరి మాటలవే. మర్నాడు పొద్దున్నే పోయాడు.

అంత గొప్ప కవి మరి! జగ్గయ్యపేటలో రిక్షాకి మైకు కట్టి, డప్పు కొడుతూ సినిమాల ప్రచారం చేసేవాడు. హాలువాళ్లిచ్చిన కాగితం జేబులోనే ఉండేది. సొంతంగా పాట కట్టి, ఆ ఊపులో సినిమా చివర్న ఎవరు చస్తారో కూడా పాడేసేవాడు. ఇక టిక్కెట్టు కొనేదెవరు? ఓసారి నందిగామలో ప్రచారానికి పోతే అక్కడి హాలాయన, "కాగితం చదువు, లేదా దిగు," అన్నాడు. మైకు ఆయన చేతిలో పెట్టి, డప్పు తగిలించుకుని పేటదాకా నడిచొచ్చాడు మహారాజు. దారంతా కొత్త పాటే. నాకు గుర్తున్నది ఇంతే:

"మైకు నీదిరో, కూత నాదిరో,
వైరు పీకినా వీధి నాదిరో!"

రాసావా, మేనకోడలా? ఏదీ, చదివి వినిపించు. అట్టా కాదే, బల్ల మీద దరువేస్తూ చదువు.