నెక్తలీ కొన్న కొత్త పంపు

ఎల్ సిప్రెసాల్ కొండ మీది నుంచి లా ఎస్పెరాంసాలో గురు, ఆదివారాల సంతకి మనుషుల్నీ, బంగాళాదుంప బస్తాల్నీ, కాళ్ళు కట్టిన కోళ్ళనీ దింపుతూ నెక్తలీ బౌతిస్తా సగం జీవితం గడిపేశాడు. అతనిది ఎర్ర పికప్పు బండి. వెనక తొట్టిలో జనం కమ్మీలు పట్టుకుని నిలబడేవారు. ముందు సీటు ముసలివాళ్ళకీ, కడుపుతో ఉన్నవాళ్ళకీ. చార్జీకి డబ్బు లేదంటే దుంపలు తీసుకునేవాడు, దుంపలూ లేవంటే "వచ్చే సంతకి చూద్దాంలే, ఎక్కు" అనేవాడు. చెయ్యి మంచిది. నోరు మాత్రం ఆగేది కాదు. మనసులో ఏది తోస్తే అది గడప దాటి బయటికొచ్చేసేది. "నెక్తలీ నోరు అంతే" అని ఊరంతా నవ్వి ఊరుకునేది. ఒక్కసారి మాత్రం ఎవరూ నవ్వలేకపోయారు.

ఆ ఏడు వానలు తగ్గుముఖం పడుతున్న రోజుల్లో బండి ముందు భాగంలోంచి చప్పుడు మొదలైంది. పొద్దున్నే చలికి గడ్డకట్టిన ఇంజను తిప్పితే, రేకు డబ్బాలో గొలుసు వేసి ఆడించినట్టు గలగలమనేది. వేడెక్కాక సద్దుమణిగేది. కూరగాయలమ్మే హెర్మెలిందా నోటి దురుసులో అతనికి సరిజోడు.

"ఏం నెక్తలీ, పెళ్ళాం చూడకుండా ఇంజన్లో చిల్లర దాస్తున్నావా?" అని తొట్టిలోంచి అరిచేది.

"నీ పాత చార్జీలన్నీ కట్టు, ఇంకా గట్టిగా మోగుద్ది" అనేవాడతను.

అలా నవ్వులతోనే చప్పుడుని నెట్టుకొచ్చాడు. ఒక ఆదివారం సంత నుంచి తిరిగొస్తుంటే ఇంజను పొగలు కక్కి ఆగిపోయింది. రేడియేటర్లో నీళ్ళు లేవు, కింద చూస్తే చుక్క కారిన జాడ లేదు. ఆయిల్ చూసే పుల్ల బయటికి లాగితే దానికి పాలు కలిపిన కాఫీ రంగులో జిగురు అంటుకుని వచ్చింది. నెక్తలీ పుల్లని గుడ్డకి తుడిచి బానెట్టు దించేశాడు. నలుగురితో తోయించుకుని బండిని అదొనాయ్ షెడ్డుకి చేర్చాడు.

అదొనాయ్ మెహీయా ఆ కొండకంతటికీ మెకానిక్కు. అంతకంటే ముందు అతను నెక్తలీకి కొంపాద్రే. నెక్తలీ కూతురు యెసేనియాకి జ్ఞానస్నానం చేయించిన రోజు బిడ్డని చేతుల్లోకి తీసుకున్న జ్ఞానతండ్రి అతనే. ఆ రోజు నుంచి వాళ్ళిద్దరూ ఒకరినొకరు 'కొంపాద్రే' అనే తప్ప పేరు పెట్టి పిలుచుకోలేదు. అన్నదమ్ముల మధ్యన ఉండే తగాదాలు కూడా ఆ వరసలో ఉండవు.

అదొనాయ్ ఇంజను ముందు భాగం విప్పి, లోపలికి వేలు పెట్టి చూపించాడు. "చూశావా కొంపాద్రే? చైను పక్కన ఆనించే గైడు విరిగి ముక్కలైంది. ఆసరా పోయిన చైను ఎగిరెగిరి ఈ ముందు కవర్ని రంపంలాగా కోసేసింది. ఈ కోత వెనకాలే నీళ్ళ దారి. నీళ్ళన్నీ ఇటు దూకి ఆయిల్లో కలిశాయి."

"అతికిస్తే నిలవదా?"

"షెడ్డులో నిలుస్తది, కొండెక్కితే నిలవదు. కవరు మార్చాల్సిందే. దాంతోపాటు ఆయిల్ పంపు కూడా. పంపు ఉండేది ఈ కవరు మీదే కదా, ఆ నీళ్ళాయిలు తాగి దాని పళ్ళన్నీ గీకుకుపోయాయి. పంపు సరిగా తొయ్యకపోతే ఇంజను పొడి గొంతుతో చస్తది."

ఇంతలో బండి ఎప్పటికి బాగవుద్దో కనుక్కుందామని హెర్మెలిందా, ఇంకో ఇద్దరు ముగ్గురు సంత మనుషులు షెడ్డు ముందు చేరారు. నెక్తలీ గొంతు పెంచి, "డబ్బా విప్పని కొత్త సరుకు తెస్తాను! గురువారానికి బండి పెళ్ళికూతుర్లా వస్తది చూడండి" అన్నాడు.

అదొనాయ్ గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. షెడ్డు వెనక రేకుల కింద ఒక తెల్ల పికప్పు ఉంది. తలుపు మీదా, వెనక పలక మీదా నీలిరంగులో 'దిగ్న రొట్టెలు' అని రాసి ఉంటుంది. దిగ్న అతని భార్య. తీపి రొట్టెలు కాల్చి, ఆ బండిలో వేసుకుని, ఊరూరా తిరిగి అమ్మేది. ఆడమనిషి కొండదారిలో బండి నడపడమేంటని మొదట్లో మగవాళ్ళు వెక్కిరించారు. తర్వాత తర్వాత, బురద రోజుల్లో ఆమె చక్రాల జాడ వెతుక్కుని దాని వెంటే తమ బళ్ళు నడిపారు. మూత్రపిండాల జబ్బుతో ఆమె పోయాక, ప్రతి ఆదివారం చర్చి పూజ నుంచి రాగానే అదొనాయ్ ఆ బండెక్కి స్టార్ట్ చేసేవాడు. ఇంజను వేడెక్కేదాకా కూర్చుని, ఆపేసి, దిగేవాడు. గేరు వేసేవాడు కాదు. ఇంకొకర్ని కూర్చోనిచ్చేవాడూ కాదు.

"కొంపాద్రే," అన్నాడు అదొనాయ్, నెక్తలీ వైపు కాక ఆ తెల్ల బండి వైపు చూస్తూ. "దిగ్న బండిది కూడా ఇదే ఇంజను. కవరూ పంపూ కంపెనీ నుంచి వచ్చినవే, మచ్చ లేదు. విప్పి నీ బండికి పెడతాను."

ఆ మాట అనడానికి అతనికెంత కష్టమైందో నెక్తలీకి తెలుసు. తెలిసే భయపడ్డాడు. చనిపోయిన మనిషి బండిలోంచి ముక్క తీసుకోవడం ఒక భయం, ఇప్పుడే నలుగురి ముందు కొత్త సరుకని కోసిన కోతలు ఇంకో పక్క. ఎప్పటిలాగే నోరు ముందు పరుగెత్తింది.

"వద్దులే కొంపాద్రే. చచ్చినవాళ్ళ ఇనుము నా బండికెందుకు? రేపు దారిలో ఆగిపోతే జనం ఏమంటారు?"

హెర్మెలిందా అంతటి మనిషి తల వంచుకుని చెప్పు చివరతో మట్టి గీకింది. అదొనాయ్ గుడ్డని బల్ల మీద మడతపెట్టి పెట్టాడు.

"సరే. సాన్ పెద్రో వెళ్ళి తెచ్చుకోండి" అన్నాడు.

తెచ్చుకోండి. మర్నాడు బస్సులో సిగ్వాతెపేకె దేవదారు చెట్లు దాటుతుండగా గానీ ఆ 'అండి' నెక్తలీ చెవికి ఎక్కలేదు. ఎక్కాక ఇక దిగలేదు.

సాన్ పెద్రో పట్నంలో ఎండ నిప్పులు చెరుగుతోంది. మెడ మీద తువ్వాలు వేసుకున్న దుకాణదారు బల్ల మీద మూడు కవర్లు వరసగా పెట్టాడు. మొదటిది కంపెనీ డబ్బాలోది. బరువుగా ఉంది, అంచులు నున్నగా ఉన్నాయి. ధర విని నెక్తలీ దాన్ని మెల్లగా కింద పెట్టేశాడు. రెండోది పాత బళ్ళ దొడ్డి నుంచి విప్పి తెచ్చి డీజిల్‌తో కడిగింది. లోపల వేలు పెట్టి తడిమితే చైను గీసిన గాడి అప్పుడే తగులుతోంది. మూడోది పేరులేని డబ్బాలోంచి తీశాడు. అద్దంలా తళతళలాడుతోంది. కవరు, పంపు, చైను, గైడు, రబ్బర్లు అన్నీ అందులోనే ఉన్నాయి.

"ఇంకేం కావాలి సార్? ఒకటే డబ్బాలో సంసారమంతా. పెద్ద పేరుకి పెద్ద రేటు కడతానంటే మీ ఇష్టం" అన్నాడు దుకాణదారు.

నెక్తలీ ఒక చేత్తో కంపెనీదీ, ఇంకో చేత్తో ఇదీ పట్టి తూచి చూశాడు. మెరిసేది తేలికగా ఉంది. "రంగు చూడకు, బరువు చూడు" అని అదొనాయ్ ఎప్పుడూ అనేవాడు. ఇంటి దగ్గర ఉన్న పెయ్యదూడని అమ్మితే కంపెనీది వచ్చేదే. కానీ దూడకి బేరం కుదిరేదాకా ఆగాలి, గురువారం సంత పోతుంది. పైగా నలుగురికీ చూపించాలి కదా, మెరవకపోతే ఎలా? డబ్బాని ఒళ్ళో పెట్టుకుని తిరుగు బస్సెక్కాడు.

అదొనాయ్ డబ్బా విప్పి, మెరుపు వైపు చూడనే లేదు. పంపు పళ్ళ మధ్య సందు కొలిచే సన్నటి రేకు దూర్చి ఆడించాడు.

"వదులుగా ఉంది. వెనక్కిచ్చేయండి."

"మళ్ళీ సాన్ పెద్రోకా? బిగించెయ్ కొంపాద్రే. కొత్తదే కదా, తిరగ్గా తిరగ్గా సర్దుకుంటది."

"ఇనుము అరిగి వదులవుద్ది గానీ, అరిగి బిగుతవ్వదు." అదొనాయ్ రేకుని తీసి జేబులో పెట్టుకున్నాడు. "మీ బండి. మీ ఇష్టం."

పని మాత్రం ఎక్కడా తగ్గించలేదు. పాత ఆయిల్ బురదంతా కడిగాడు. మొదటి తిప్పులోనే ఆయిల్ పట్టుకునేలా పంపు నిండా వాసెలిన్ కూరాడు. బోల్టులన్నీ ఒకటే బిగువున బిగించాడు. ఎప్పుడూ ఒక కప్పు కాఫీ తప్ప కూలి ముట్టనివాడు, ఈసారి నెక్తలీ ఇచ్చిన నోట్లు తీసుకుని చిల్లర తిరిగిచ్చాడు. ఆ చిల్లర అరచేతిలో పట్టుకుని నెక్తలీ కాసేపు అక్కడే నిలబడ్డాడు. ఏదో అనాలనిపించింది. జీవితంలో మొదటిసారి అతని నోరు పెగల్లేదు.

కాఫీ కోతల కాలమంతా బండి బాగానే తిరిగింది. తర్వాత ఎండ ముదిరాక, బండి ఆగి ఉన్నప్పుడు ఆయిల్ ఎర్రదీపం మినుకు మినుకుమనడం మొదలుపెట్టింది. వైరు వదులైందనుకుని వేలితో తట్టేవాడు. అదొనాయ్ షెడ్డు దారిలోనే ఉంది. ఆగి అడిగితే చాలు. "వదులుగా ఉందని చెప్పాను కదండీ" అని వినాల్సి వస్తుందని ఆగకుండా పోయేవాడు.

ఒక గురువారం సంత నుంచి నిండు బరువుతో కొండెక్కుతున్నాడు. మోకాలి నొప్పని హెర్మెలిందా ముందు సీట్లో కూర్చుంది.

"ఆ ఎర్రదీపం ఏంటయ్యా, ఆరడం లేదు?"

"నిన్ను చూసి సిగ్గుపడుతోంది" అన్నాడు.

ఆ మాట పూర్తి కాకుండానే లోపల సుత్తితో కొట్టినట్టు చప్పుడు, ఆ వెంటనే నిశ్శబ్దం. ఇంజను పట్టేసింది. బండి వెనక్కి జారింది. బ్రేకు తొక్కి పట్టుకుని అరిచాడు. తొట్టిలోవాళ్ళు దూకి చక్రాల కింద రాళ్ళు వేశారు. అమ్ముడుపోని బస్తాలు చినిగి దుంపలు లోయలోకి దొర్లిపోయాయి. కంగారులో తలుపు తీసి దూకిన హెర్మెలిందా చెయ్యి విరిగింది. ఆమె గట్టు మీద కూర్చుని, చేతిని ఒళ్ళో పెట్టుకుని, అతన్ని ఒక్క మాటా అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఎవరో పరుగెత్తి కబురు చెప్పారు. కాసేపటికి కింద మలుపులో ఒక బండి వస్తున్న చప్పుడు వినిపించింది. అది తెల్ల పికప్పు. దిగ్న పోయాక ఆ బండి రోడ్డు మీదికి రావడం అదే మొదటిసారి. నిలబడ్డవాళ్ళలో ఇద్దరు టోపీలు తీశారు. అదొనాయ్ దిగి, ఎవరినీ కూర్చోనివ్వని ఆ సీట్లో హెర్మెలిందాని జాగ్రత్తగా కూర్చోబెట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. మళ్ళీ వచ్చి, ఎర్ర బండికి తాడు కట్టాడు.

చచ్చిన బండిలో స్టీరింగు పట్టుకుని కూర్చున్న నెక్తలీకి దారిపొడుగునా ఎదురుగా ఆ నీలం అక్షరాలే కనిపించాయి. వాలులోనూ, ఎత్తులోనూ తెల్ల బండి తొణక్కుండా లాగింది. ఆ రోజు తను సరేనని ఉంటే ఈ ఇంజను ఈపాటికి మూగగా పడి ఉండేదనీ, తన బండి పరుగెత్తుతూ ఉండేదనీ అనుకున్నాడు. దేనికి విచారించాలో తెలియలేదు. వద్దనడం తప్పు కాదేమో. కానీ వద్దనడానికి ఎన్ని మాటలు లేవు!

షెడ్డు దగ్గర తాడు విప్పుతుంటే, చెప్పాలనుకున్నది గొంతు దాకా వచ్చి వేరే మాటగా బయటపడింది. "బండి బాగా లాగింది."

"ఆమె బాగా చూసుకునేది" అని అదొనాయ్ తాడు చుట్టుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

కొద్దిరోజులకే అతను తెల్ల బండిని మార్కాలా ఊరి రొట్టెల వాడికి అమ్మేశాడు. "రోడ్డు చూసిన బండిని మళ్ళీ రేకుల కింద ఎలా కట్టేస్తాను?" అన్నాడట హెర్మెలిందాతో. తర్వాత షెడ్డు మూసి, సిగ్వాతెపేకెలో ఉన్న చెల్లెలింటికి మారిపోయాడు. ఎర్ర బండి పాత ఇనుము కింద తూకానికి పోయింది. నెక్తలీ దుంపల గోదాములో బస్తాలు మోసే పనిలో చేరాడు. గురువారం సంతకి ఇంకెవరో కుర్రాళ్ళ బళ్ళు తిరుగుతున్నాయి.

యెసేనియా పెళ్ళి కుదిరాక, జ్ఞానతండ్రిని పిలవాలి కదా అని నెక్తలీ సిగ్వాతెపేకె వెళ్ళాడు. అదొనాయ్ పెరట్లో మొక్కజొన్న మర మోటారు విప్పుకుని కూర్చుని ఉన్నాడు. జుట్టంతా నెరిసింది. పెళ్ళి కబురు విని ముఖం విప్పారింది. "వస్తాను, బిడ్డ పెళ్ళికి రాకపోవడమేంటి!" అన్నాడు.

నెక్తలీ టోపీని చేతుల్లో తిప్పుతూ నిలబడ్డాడు. "కొంపాద్రే, ఆ రోజు షెడ్డులో నేను దిగ్న గురించి అన్న మాట..."

"ఏ మాట?" అదొనాయ్ మోటారులోంచి తల ఎత్తలేదు. "నాకేం గుర్తులేదండీ. కాఫీ తాగి వెళ్ళండి."

అన్నట్టే పెళ్ళికి వచ్చాడు. ముందు వరసలో కూర్చున్నాడు. యెసేనియా నుదుటి మీద సిలువ గుర్తు వేసి, "నువ్వు చల్లగా ఉండాలమ్మా" అని దీవించాడు. హెర్మెలిందా పక్కన కూర్చుని అరిటాకులో ఉడికించిన నకతామాల్ తిని, ఆమె హాస్యాలకి కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. మధ్యాహ్నం బస్సుకి లేచి, నెక్తలీతో చెయ్యి కలిపి, "చాలా బాగా చేశారండీ" అని వెళ్ళిపోయాడు.

నెక్తలీ బస్సు దుమ్ము అణిగేదాకా గేటు దగ్గరే ఉన్నాడు. భార్య రెయినా వచ్చి పక్కన నిలబడింది.

"వచ్చాడు కదా. ఇంకా ఆ ముఖమేంటి?"

"వచ్చాడు" అన్నాడు నెక్తలీ. చినుకులు మొదలయ్యాయి. అతను వెళ్ళి అద్దె కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చి వరండాలోకి మోయడం మొదలుపెట్టాడు.